తారావళి మింగేసిన మాట

మదనపల్లె టమోటా మండీలో వేలంపాట సాగుతుంటే పక్కన పిడుగు పడ్డా ఎవరూ తల తిప్పరు. అలాంటి చోట ఆ ఉదయం రెడ్డెప్ప పాట మధ్యలో ఆగిపోయాడు. ఆయన చేతిలోని కర్ర క్రేటు అంచుమీదే ఉండిపోయింది. కొనేవాళ్లూ, హమాలీలూ, లారీ డ్రైవర్లూ ఆయన చూస్తున్న వైపే చూశారు. గేటు దగ్గర ఆయన పెద్దకూతురు వనజ ఫోను పట్టుకుని నిలబడి ఉంది. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పాల్సిన వేళ మండీకి వచ్చిందంటే సంగతేమిటో అక్కడ చిన్నాపెద్దా అందరికీ తెలుసు. కొన్ని రోజులుగా ఆ మండీలో జనం టమోటా ధర కంటే రేవతి గురించే ఎక్కువగా అడుగుతున్నారు.

"ఏమన్నారు పాపా?" అన్నాడు రెడ్డెప్ప.

"మకరం దిక్కున ఏమీ లేదంట నాయనా. రేపు సాయంత్రం నౌకను రెండో దిక్కుకు తిప్పేస్తారంట."

"ఏమీ లేదంటే? ఆ మాట ఎవురు చెప్పినారు?"

తండ్రి దుఃఖంలో ఏదో అడిగాడనుకుంది వనజ. నిజానికి ఆ రోజు ఎవరైనా అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

రేవతి రెడ్డెప్ప రెండో కూతురు. ఆకాశంలో మెకానిక్కు. చంద్రుడికి అవతల తిరిగే సిగ్నల్ స్టేషన్లు చెడిపోతే 'పాలపిట్ట' అనే చిన్న నౌకలో వెళ్లి బాగుచేసి రావడం ఆమె ఉద్యోగం. "మా చిన్నది చందమామ కాడ పంచరు షాపు పెట్టుకోనుండాది" అని రెడ్డెప్ప మండీ అంతా చెప్పుకు తిరిగేవాడు. ఈసారి వెళ్లినప్పుడు పాలపిట్ట ఇంధనపు గొట్టం పగిలింది. చిమ్మిన ఆవిరి నౌకను ఎటో తోసేసింది. యాంటెనా విరిగి మాట తెగిపోయింది. లోపల రేవతి, ఆమె తోటి మెకానిక్కు ఫ్రాన్సిస్ ఉన్నారు. ఊపిరి తీసుకునే గాలి ఈ వారానికి సరిపోతుంది. వెతకడానికి వెళ్లగలిగిన నౌక ఒక్కటే ఉంది, దానికీ ఒక్క దిక్కుకు పోయి రావడానికే ఇంధనం చాలుతుంది. పాలపిట్ట కొట్టుకుపోతే మకరరాశి వైపు పోయుండాలి, లేదా సింహరాశి వైపు పోయుండాలి. ఎటన్నది తేల్చడానికి గాలింపు కేంద్రం వాళ్లు ఆకాశనిధిని అడిగారు.

ఈ ఆకాశనిధి ఆ తరం వాళ్లు చేసిన మంచి పనుల్లో ఒకటి. ఎన్నో దేశాల కొండల మీద చిన్న చిన్న టెలిస్కోపులు నిలబెట్టి, అవి రెప్పవేయకుండా చూసినదంతా ఒకచోట దాచారు. అందులోంచి కావలసింది అడిగి తీసుకోవడానికి ఉన్న తలుపు పేరు 'తారావళి'. దాన్ని లైబ్రరీ అంటారు గానీ పుస్తకాలేమీ ఉండవు, అదొక ప్రోగ్రాముల మూట. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూసి బాగుచేయవచ్చు. అడ్డమైన ప్రశ్నలూ వచ్చిపడకుండా, తారావళి ముద్ర ఉన్న ప్రశ్ననే ఆకాశనిధి వింటుంది. ఆ మూటను కాపాడే ముగ్గురిలో వనజ ఒకతె. దానికి జీతం లేదు, చాకిరీ మాత్రం కావలసినంత.

వనజ మండీ గేటు దగ్గరే నిలబడి గాలింపు కేంద్రంలోని సమీర అనే ఆఫీసరుకు తిరిగి ఫోను చేసింది.

"మేడమ్, మీరు ఆకాశనిధిని ఏమని అడిగారో ఆ ప్రశ్న నాకు పంపిస్తారా?"

"జవాబు పంపాను కదండీ. మళ్లీ ప్రశ్నెందుకు?"

"నాకు ప్రశ్నే కావాలి."

సమీర పంపింది. వనజ చదివింది. చదివి, పక్కనున్న ఖాళీ క్రేటు మీద కూలబడింది.

ప్రశ్నలో ఐదు మాటలున్నాయి. ఎక్కడ, ఎంత మేర, ఎప్పుడు, ఎంత వెలుగు అనేవి మొదటి నాలుగు. ఐదోది 'కదిలేవి కావాలి' అన్నది. మామూలుగా ఖగోళం వాళ్లకు నిలకడగా ఉండే చుక్కలే కావాలి. ఉపగ్రహాలూ, ఇనుప తుక్కూ, గులకరాళ్లూ ఫొటోకు అడ్డంపడితే వాళ్లకు ఒళ్లు మండుతుంది. అందుకని ప్రత్యేకంగా అడిగితే తప్ప కదిలేవాటిని ఆకాశనిధి చూపించదు. గాలింపు కేంద్రం వాళ్లు తెలివైనవాళ్లే, నిధి పద్ధతులు చదువుకుని ఆ ఐదో మాట జాగ్రత్తగా చేర్చారు.

కానీ తారావళికి నాలుగు మాటలే తెలుసు. ఐదోది ఎవరు రాసినా చప్పుడు చేయకుండా మింగేసి, మిగతా నాలుగింటితోనే నిధి దగ్గరికి పోతుంది. అడిగినవాళ్లతో ఒక్క ముక్క చెప్పదు. అలా నిధి ఎప్పటిలాగే నిలకడ చుక్కల పట్టీ ఇచ్చింది. కేంద్రం వాళ్లు అందులోంచి తెలిసిన చుక్కలన్నీ కొట్టేశారు. చివరికి ఏమీ మిగల్లేదు. ఏమీ లేదని తేల్చేశారు.

"నాయనా," అంది వనజ లేస్తూ. "ఆ మాట ఆకాశం చెప్పింది కాదు. మేమే చెప్పినాం. ఆకాశాన్ని ఇంకా ఎవరూ అడగనే లేదు."

రెడ్డెప్పకు అందులో సగమే అర్థమైంది. ఆ సగం చాలు. కర్ర తమ్ముడి చేతికిచ్చి, "పాట నువ్వు చూసుకో" అన్నాడు. ఆయన పాట మధ్యలో వదిలేసి మండీ దాటడం అందరూ మొదటిసారి చూశారు.

ఉమాపతి సార్ ఇల్లు కాలేజీ వెనక వీధిలో ఉంది. ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. తారావళిని మొదట రాసింది ఆయనే, దాన్ని కాపాడే ముగ్గురిలో ఒకరూ ఆయనే. అప్పట్లో అది కాలేజీ పిల్లలకు చుక్కలు చూపించడానికి రాసిన పది పేజీల ప్రోగ్రాము. అది పెరిగి పెరిగి ప్రపంచమంతా వాడే తలుపయింది. అయినా ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటి మారలేదు. తారావళి అడిగినవాళ్లను కసరకూడదు. తప్పుగా అడిగినా, తెలియక అడిగినా ఎర్రక్షరాలతో మీద పడకూడదు. తెలియని మాట వస్తే వినపడనట్టు ఊరుకుని, తెలిసినంతలో జవాబివ్వాలి. దేశదేశాల నుంచి వచ్చి తారావళికి చెయ్యేసిన వాళ్లంతా ఆ కట్టుబాటును మురిసిపోతూ పాటించారు.

వనజ వెళ్లేసరికి ఆయన వసారాలో కూర్చుని పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు ఒక్కొక్కటే పితుకుతున్నాడు. పొట్టు ఒళ్లో పడుతోంది, పప్పు గిన్నెలో పడుతోంది.

"సార్, ఆ మార్పుకు మీ ఒప్పుదల కావాలి. ఇప్పుడే కావాలి."

ఏ మార్పని ఆయన అడగలేదు. తెలియని మాటను మింగకుండా నేరుగా నిధికి అందించే మార్పు, ఇకపై ఎన్ని మాటలతోనైనా అడగగలిగే మార్పు, వనజ ఎప్పుడో రాసిపెట్టింది. నిధికి కూడా తెలియని మాటైతే ఆ సంగతి అడిగినవాళ్లకు చెప్పేస్తుంది. నైరోబీలో ఉండే మూడో మనిషి వాంబుయి దానికి అప్పుడే నోటిమాటగా సరేనంది. ముగ్గురూ ఒప్పుకుంటేనే ఏ మార్పైనా అమల్లోకి వస్తుంది. ఉమాపతి సార్ ఒప్పుకోలేదు.

"మళ్లీ అదేనా అమ్మాయ్?" అన్నాడాయన. "నా క్లాసులో ఒక పాప ఉన్నింది. మొదటి రోజు కంప్యూటరు ముందర కూర్చోని ఒక అక్షరం తప్పు కొట్టింది. తెర నిండా ఎర్రగా తిట్లు. మరుసటి రోజు నుంచి ల్యాబుకే రాలేదు. అడిగినోళ్లను కసిరితే ఇంకోసారి అడగరు. నేను చెప్తానే ఉండా."

"మీరు కసరలేదు సార్. అబద్ధం చెప్పినారు."

మాట జారాక వనజే బిత్తరపోయింది. ఆయన ఎదుట గొంతు పెంచిన విద్యార్థి ఆ ఊళ్లో లేడు. అయినా ఆగలేదు. ఫోను ఆయన ముందు పెట్టింది. "ఇది గాలింపు కేంద్రం అడిగిన ప్రశ్న. ఇది మన తారావళి నిధి దాకా తీసుకుపోయిన ప్రశ్న. రెండూ చూడండి."

ఉమాపతి సార్ చేతులు పంచెకు తుడుచుకుని అద్దాలు పెట్టుకున్నాడు. చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది.

"రేవతి ఆ దిక్కునే ఉందా?"

"తెలీదు సార్. తెలుసుకోనీలేదు మనం."

ఆయన లేచి లోపలికి నడిచి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వనజ రాసిన మార్పు తెరిచాడు. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆయనకు పుట్టి బుద్ధెరిగాక లేదు. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదువుతున్నాడు. వనజకు ముళ్ల మీద నిలబడ్డట్టుంది. అంతలో రెడ్డెప్ప కూడా వచ్చి, చెప్పులు విప్పి, గుమ్మం పక్కన కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు.

ఒకచోట ఉమాపతి సార్ వేలు ఆగింది. మార్పు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి వనజ కొన్ని మాటలు రాసిపెట్టింది. అవి ఇకమీదట నిధి దాకా చేరతాయి. వాటిలో 'తోడు' ఒకటి.

"ఈ 'తోడు' అనేది ఇంతకుముందు పోయేది కాదా?"

"పోయేది కాదు సార్. నాలుగు మాటలే పోయేవి."

ఆయన అద్దాలు తీసేశాడు.

వనజకు క్షణం తర్వాత తట్టింది. ధనిష్ఠ దగ్గర ఒక మసక చుక్క ఉంది. పుస్తకాల్లో దాని పేరు 'ఉమాపతి ఒంటరి'. ఆ జాతి చుక్కలన్నీ జంటలుగానో గుంపులుగానో ఉంటాయి. ఇదొక్కటే ఏ తోడూ లేకుండా ఉందని ఆయన నిరూపించాడు. అంత పెద్ద చుక్క ఒంటరిగా ఎలా పుట్టిందన్న దాని మీద ఎందరో తల బద్దలు కొట్టుకున్నారు. ఆయన ఒక్కడే ఉంటాడని పిల్లలు ఆయన్ని కూడా చాటుగా ఒంటరి చుక్క సార్ అనేవాళ్లు. ఆయనకు తెలుసు, నవ్వి ఊరుకునేవాడు. ఆ పరిశోధనంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. నిధి పద్ధతులు చదివి, 'తోడు ఉంటే చూపించు' అని ఆయన అడిగాడు. ఆ ఒక్క చుక్కే వచ్చింది, తోడు రాలేదు. ప్రశ్న వెళ్లిన తలుపు తాను కట్టిందే. దాని గడప నాలుగు మాటలనే దాటనిస్తుందని అప్పటికి ఆయనకే గుర్తులేదు.

"సార్..." అంది వనజ. ఈ మార్పు అమల్లోకి వస్తే ఆ చుక్క గురించి రేపే ఎవరో మళ్లీ అడుగుతారు. ఆయన జీవితంలో సాధించింది అదొక్కటే.

ఉమాపతి సార్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. రెడ్డెప్పకు ఏమీ అర్థం కాక, "ఏమైంది సామీ? మా పాపకేమన్నా..." అంటూ సగం లేచాడు.

"మీ పాపకు ఏమీ కాలేదు రెడ్డెప్పా, కూర్చో," అన్నాడాయన. మళ్లీ అద్దాలు పెట్టుకున్నాడు. "చుక్కకేం, అది యాడికీ పోదు. ఆ పిల్లకు గాలి అయిపోతుంది."

అనపపొట్టు అంటిన వేలితో ఒప్పుదల మీట నొక్కాడు.

నైరోబీ నుంచి వాంబుయి వెంటనే పిలిచింది. ఇప్పుడు తలుపు తీస్తే ప్రపంచమంతా తోసుకొస్తుందనీ, నిధి యంత్రాలు ఆ బరువుకు మూలుగుతాయనీ, తన విద్యార్థుల లెక్కలు నెలల తరబడి నడుస్తున్నవి మధ్యలో తెగిపోతాయనీ చెప్పింది. చెప్పిందంతా చెప్పి, మనిషి కంటే లెక్క ఎక్కువా, పోతే మళ్లీ మొదలుపెట్టుకుంటారని తనూ ఒప్పుదల నొక్కింది. తారావళి కొత్తదైంది.

వనజ ఐదు మాటల ప్రశ్న మళ్లీ అడిగింది. మకరం దిక్కున, కదిలేవి కూడా కావాలని అడిగింది.

జవాబు వచ్చింది. లక్షలకొద్దీ వచ్చింది. వరుసలు తెర మీద వానలా పడుతూనే ఉన్నాయి. ఫోనులో అవతల చూస్తున్న సమీర తల పట్టుకున్నట్టుంది. "ఇంత ఉందా అక్కడ? మేము ఏమీ లేదని రాసిచ్చాం!" అంది. ఆ వెంటనే, "కానీ వనజగారూ, ఇందులో మీ చెల్లెలి నౌక ఏదని పట్టుకుంటాం? రేపటికి ఎలా తేలుతుంది?" అంది.

"ఇంకో మాట చేరుస్తా. ఇప్పుడు ఎన్ని మాటలైనా చేర్చొచ్చు."

మిణుకుమిణుకుమనేవి మాత్రమే కావాలంది. లక్షలు వేలకు దిగాయి. కానీ విరిగిపోయిన ఉపగ్రహాలన్నీ దొర్లుతూ ఎండకు మెరుస్తూనే ఉంటాయి. వేలల్లో వెతకడం లక్షల్లో వెతకడం కంటే ఏం సులువు? వనజ ఇంకా బిగువుగా వడపోయాలని చూసింది. రంగు అడిగింది, వేగం అడిగింది. పాలపిట్ట ఎంత వేగంతో కొట్టుకుపోయిందో ఎవరికి తెలుసు? ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. తలుపు తెరుచుకుంది, లోపల జాతర ఉంది, అందులో చెల్లెలు ఎక్కడుందో తెలియడంలేదు.

వెనక నుంచి చప్పుడు వినిపిస్తోంది. రెడ్డెప్ప కంగారు పడితే చేతులు ఊరుకోవు. కుర్చీ చేతిమీద వేలి కణుపుతో కొడుతున్నాడు. ఒక దెబ్బ. కాస్త ఆగి రెండు దెబ్బలు. కాస్త ఆగి మూడు. తర్వాత అరచేత్తో ఒక్క చరుపు. మళ్లీ మొదటి నుంచి. ఆయన జీవితమంతా క్రేటు మీద కొట్టిన వేలం దెబ్బలవి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, పాట ఖాయం.

"నాయనా, కొంచెం ఊరకుండు," అనబోయి వనజ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

చిన్నప్పుడు వాళ్ల ఇల్లు మండీకి ఎదురుగా, రోడ్డుకు అవతల ఉండేది. అమ్మ అన్నం వండాక ఒకరు మిద్దె మీదికెక్కాలి, ఇంకొకరు మండీలో నాయన దగ్గర ఉండాలి. ఆ గోలలో గొంతు చించుకున్నా వినపడదు. అందుకని రేవతి ఒక రేకుమూత సంపాదించింది. మిద్దె మీద నిలబడి ఎండకు దాన్ని తిప్పేది. ఒక తళుకు. ఆగి రెండు. ఆగి మూడు. తర్వాత చేయి దించకుండా ఒక పెద్ద మెరుపు. నేనిక్కడున్నా, ఇటు చూడండని దాని అర్థం. నాయన వేలం దెబ్బలే ఆ పిల్లకు తెలిసిన భాష.

"సార్," అంది వనజ ఊపిరి అందక, "రేవతి చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. కిటికీ ఉంటుంది. ఎండ ఉంటుంది. మెరిసేది ఏదో ఒకటి దొరికుంటుంది."

మెరుపుల మధ్య ఎడం ఎంతెంత ఉండాలో 'తాళం' అనే మాటతో రాసింది. ప్రశ్న పంపింది.

తెర మీద ఒక వాక్యం వచ్చింది. 'తాళం అనే మాట ఆకాశనిధికి తెలియదు. మీ ప్రశ్నను అడగలేదు.'

తారావళి పుట్టాక ఒక మనిషిని కాదనడం అదే మొదటిసారి.

"కసిరింది," అన్నాడు ఉమాపతి సార్ మెల్లగా.

"నిజం చెప్పింది సార్. నిన్నటి తారావళి అయ్యుంటే ఈ మాట మింగేసి, అవే వేల వరుసలు మళ్లీ చూపించేది. రేవతి లేదనుకుని నేను ఏడుస్తా కూర్చునుండేదాన్ని."

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నిధి పద్ధతులు తెరిచి, వయసు మరిచిపోయి ఆబగా వెతికాడు. "ఇదిగో. వాళ్లు దీన్ని 'మిణుకువరస' అంటారు. తాళం తీసేసి ఇది పెట్టు."

వనజ మార్చింది. పంపింది. రెడ్డెప్ప కుర్చీలోంచి లేచి కూతురి వెనక నిలబడ్డాడు. తెర ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉంది. నిధి యంత్రాలు నిజంగానే మూలుగుతున్నట్టున్నాయి.

ఒక్క వరుస వచ్చింది.

వనజ దాన్ని విప్పింది. మకరం తోక దగ్గర, నల్లటి చోట, చీమ తలంత వెలుగు. ఒక తళుకు. రెండు. మూడు. పెద్ద మెరుపు. మళ్లీ ఒకటి. రెండు. మూడు. పెద్ద మెరుపు. నిన్నటి బొమ్మల్లో ఉంది. మొన్నటి బొమ్మల్లో ఉంది. అక్కడక్కడా ఆగిపోయింది, చేయి నొప్పెట్టినట్టు. కాసేపటికి మళ్లీ మొదలైంది.

"ఇది ఏదో తుక్కు దొర్లడం కూడా కావచ్చు కదా," అంది సమీర. పాపం ఆమె బాధ్యత ఆమెది, ఉన్న ఒక్క నౌకను ఆ మాట మీద తిప్పాలి.

"తుక్కుకు లెక్కపెట్టడం రాదు మేడమ్. మూడు దాకా ఎంచి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది మనిషే. అందులోనూ మా మండీ మనిషే."

సమీర వెనక్కి తిరిగి తనవాళ్లతో గట్టిగా చెప్పింది. "మకరమే. నౌకను మకరానికి పంపండి."

రెడ్డెప్ప తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగాడు. ఆయనకు ఖగోళం తెలియదు. ఆ తళుకు మాత్రం తెలుసు. "మా చిన్నదే," అన్నాడు. "దెబ్బ అట్లే ఉండాది." అని పెద్దకూతురి తల పట్టుకుని బావురుమన్నాడు.

తర్వాత రోజులు మండీలో ఎలా గడిచాయో చెప్పక్కర్లేదు. అందరూ కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నారు. పాట సాగుతోంది కానీ ఎవరి చెవీ పాట మీద లేదు. ఒక ఉదయం వేలం మంచి జోరులో ఉండగా వనజ పరుగున వచ్చి ఫోను తండ్రి చేతికిచ్చింది. రెడ్డెప్ప దాన్ని చెవికి కాదు, మైకుకు ఆనించాడు. మండీ మొత్తం లౌడుస్పీకర్లలో బొంగురుపోయిన గొంతు ఒకటి వినిపించింది.

"ఏం నాయనా, మూడోసారి కూడా అయిపోయింది. ఎంతకు పోయినాను?"

రెడ్డెప్ప అరిచాడు. "నిన్ను కొనేంత దుడ్డు ఈ మండీలో ఎవురికాడా లేదు తల్లీ! ఇంటికి రా!"

ఆ పూట మండీలో క్రేట్లు ఎత్తినవాడు లేడు. హమాలీలు తువ్వాళ్లు గాల్లోకి విసిరారు. ఎవరో టపాసులు కాల్చారు. లారీలన్నీ హారన్లు కొట్టాయి. ఆ రోజు టమోటా ఏ ధర పలికిందో ఎవరినడిగినా గుర్తులేదంటారు.

గెలుపు వచ్చింది, దాని వెనకే బిల్లూ వచ్చింది. తారావళి ఇన్నేళ్లూ మాటలు మింగిందని లోకానికి తెలిసింది. ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి, అందులో సగం తిట్లు. ఏమీ లేదని తేల్చి పట్టాలు పుచ్చుకున్నవాళ్లు మళ్లీ అడగాల్సి వచ్చింది. కొందరి పని నిలబడింది, కొందరిది కూలింది. లేదనుకున్న తోకచుక్కలు దొరికాయి, ఆరిపోయిందనుకున్న ఒక నక్షత్రం వెలుగుతూ దొరికింది. తప్పు తారావళిది కాదు, దాన్ని రాసిన తనదని ఉమాపతి సార్ అందరికీ కనపడేలా సంతకంతో రాశాడు. 'ఉమాపతి ఒంటరి' పేరు పక్కన పుస్తకాల వాళ్లు 'మళ్లీ చూడాలి' అని చేర్చారు. మళ్లీ చూసే గౌరవం ఆయనకే వదిలేద్దామని ఖగోళం వాళ్లంతా, ఎవరూ ఎవరితోనూ చెప్పుకోకుండానే, ఆ చుక్క జోలికి పోకుండా ఉన్నారు. ఆయన మాత్రం అడగలేదు.

రేవతి నేల మీద నడవడం మళ్లీ అలవాటు చేసుకుని మదనపల్లె వచ్చిన వారం, ఉమాపతి సార్ అక్కాచెల్లెళ్లనూ తండ్రినీ భోజనానికి పిలిచాడు. రాగిసంగటి, పితికిపప్పు కూర. రేవతి చిక్కిపోయింది. కుడిచేయి ఇంకా పూర్తిగా పైకి లేవదు. అన్నం పొట్లాల వెండి కాగితం కిటికీకి పట్టుకుని తిప్పీ తిప్పీ అలా అయింది. "నీకు పిచ్చి, అక్కడ ఎవరు చూస్తారని ఫ్రాన్సిస్ తిట్టేవాడు," అని చెప్పి నవ్వింది. "మా అక్క చూస్తాది, చూసేదాకా ఊరుకోదు అన్నా. చివరికి వాడు కూడా నేర్చుకున్నాడు. నేను నిద్రపోతే వాడు పాట పాడేవాడు. వాడికి రెండోసారి కాడ ఎప్పుడూ తప్పే."

అందరూ నవ్వారు. రేవతి చటుక్కున తిరిగి, "సార్, మీ చుక్క ఏమైంది?" అంది.

వనజ కాలితో తన్నింది. రేవతి పట్టించుకోలేదు.

ఉమాపతి సార్ సంగటి ముద్ద కూరలో అద్దుతూ తలెత్తలేదు. "అడగలేదమ్మా. ధైర్యం చాల్లేదు."

"నేను కిటికీ కాడ అన్ని దినాలు చెయ్యి ఊపినాను సార్. మీరు వేలితో ఒక మీట నొక్కలేరా?"

ఆయన చేయి కడుక్కుని వచ్చి, అదే బల్ల చివరనున్న కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ధనిష్ఠ దగ్గరి ఆ చోటు రాశాడు. మేర, కాలం, వెలుగు రాశాడు. ఐదో మాట దగ్గర వేలు కాసేపు గాల్లో ఆగింది. 'తోడు' అని రాసి నొక్కాడు.

జవాబు ఎక్కువ సేపు పట్టలేదు. పెద్ద చుక్కకు ఆనుకుని, దాని వెలుగులో మునిగిపోయి ఒక చిన్న ఎర్రచుక్క ఉంది. నెమ్మదిగా దాని చుట్టూ తిరుగుతోంది. తెర మీద ఏళ్లనాటి బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. అన్నిట్లోనూ అది ఉంది.

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని వనజ లేచింది. ఆయన నవ్వుతున్నాడు. ఆయన అంత బిగ్గరగా నవ్వడం ఆమె ఎప్పుడూ వినలేదు. కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "ఇన్నేళ్లూ పక్కనే ఉన్నిందా ఇది?"

"ఉన్నింది సార్," అంది రేవతి. "మెరస్తానే ఉన్నింది."

ఉమాపతి సార్ ఆ ఎర్రచుక్కను చూస్తూ, వేలి కణుపుతో బల్ల మీద కొట్టాడు. ఒక దెబ్బ. ఆగి రెండు. ఆగి మూడు. నాలుగోది రెడ్డెప్ప కొట్టాడు, అరచేత్తో, గిన్నెలు ఎగిరేలా.